మెట్ల మీద పరుగు

"పిల్లని అలా పరిగెత్తిస్తావేంటి పెద్దాయనా? బుద్ధుందా నీకు?"

దర్జీ అరుపుకి ఆసుపత్రి వరండాలో అందరూ తిరిగి చూశారు.

మెట్ల కింద చేతికర్రతో ఒక ముసలాయన. పైమెట్టు మీద దర్జీ కూతురు చిట్టి, రొప్పుతూ నవ్వుతోంది. అది నవ్వి ఎన్నాళ్లయిందో!

కొన్ని వారాలుగా పిల్లకి మూత్రంలో రక్తం. వీధి చివరి ల్యాబులో పొద్దున్నే సీసా ఇచ్చినప్పుడల్లా ఏమీ లేదన్నారు. ఇవాళ ఇక్కడా ఏమీ దొరక్కపోతే, రేపు మత్తిచ్చి లోపలికి గొట్టం వేస్తారట. గడ్డేమోనని పెద్ద డాక్టరుకి అనుమానం. ఆ మాట విన్నప్పటినుంచి దర్జీకి సూదిలో దారం ఎక్కడం లేదు.

"ఇంకొక్కసారి ఎక్కి దిగనీ బాబూ. ఆ తర్వాతే సీసా ఇవ్వు."

"నువ్వేమైనా డాక్టరువా?"

"కాదు."

"కాంపౌండరువా?"

"కాదు."

"మరి కందకు లేని దురద కత్తిపీటకెందుకయ్యా?"

ముసలాయన కర్ర ఎత్తి, ఇంకొక్కసారి అని చిట్టికి సైగ చేశాడు.

వాచ్‌మన్ వచ్చి ఆయన్ని గేటు దాకా తీసుకెళ్లాడు.

"ఇంకోసారి లోపల కనిపిస్తే బాగుండదు, చెబుతున్నా!"

"తాతా, నేనే గెలిచా!" అని అరిచింది చిట్టి.

ఎండ నడినెత్తికొచ్చింది. సీసా లోపలికి వెళ్లింది. దర్జీ బల్ల మీద కూర్చుని, గుర్తొచ్చిన దేవుళ్లందరికీ దండాలు పెట్టుకున్నాడు.

ల్యాబు మేడమ్ పిలిచేసరికి గబుక్కున లేచాడు.

"దొరికిందండీ. పురుగు గుడ్లు. పాప కాలవలో ఈత కొడుతుందా?"

"రోజూనండీ. వద్దంటే వింటేనా!"

"ఆ నీళ్లలోంచే ఒంట్లోకి చేరింది పురుగు. మాత్రలతో పోతుంది. గడ్డా కాదు, గిడ్డా కాదు."

దర్జీ భోరుమన్నాడు.

"మరి ఇన్నాళ్లూ ఎందుకు కనిపించలేదండీ?"

"పొద్దున్నే ఇచ్చారుగా! ఈ గుడ్లు మధ్యాహ్నం పూటే ఎక్కువగా బయటికొస్తాయి. అదీ పిల్లలు కాస్త గెంతాక. ఇవాళ ఎవరో పుణ్యాత్ములు చెప్పినట్టున్నారే?"

దర్జీ గేటు దగ్గరికి పరుగెత్తాడు.

"ఆ పెద్దాయనేడీ?"

"వెళ్లిపోయాడండీ. ఇంక రానని కూడా చెప్పాడు."

"అయ్యో! డాక్టరు కాదు, కాంపౌండరు కాదు... అసలెవరాయన?"

వాచ్‌మన్ తల దించుకున్నాడు.

"గేటు దాటేముందు చెప్పాడండీ. ఆయన కూతురు ఈ జబ్బుతోనే పోయిందట. పాపం, దాని సీసా అన్నిసార్లూ పొద్దున్నే తెచ్చిచ్చాడట."