ఆవకాయ కొట్టుకు ముఖం

ఇంటికో అంగడి వెలిసిన ఆ కాలంలో, ప్రతి అంగడికీ గోడమీద మాట్లాడే ముఖం ఒకటి ఉండేది. హైమవతి తన ఆవకాయ కొట్టుకు తన ముఖమే పెట్టుకోవాలనుకుంది. ఆ ఆవకాయ కలిపే పాళ్లు ఆమె పుట్టింటి నుంచి తెచ్చుకున్నవి మరి. తీరా గోడమీద ముఖాలు వరసగా వెలిగి, ఒకటి నొక్కి ఎంచుకోమన్న వేళకు ఆమె చేతులు మోచేతులదాకా కారంలో ఉన్నాయి. కడుక్కుందామంటే, తడి తగిలితే ఆవకాయ బూజు పడుతుంది.

“ఏవండీ, నా ముఖం మీద నొక్కండి,” అంది.

“నొక్కేశాలేవే,” అన్నాడు భర్త కామేశం.

సాయంత్రం ఆమె జాడీ మూతికి వాసెనగుడ్డ కడుతుంటే, ఏనాడో పోయిన అత్తగారు గోడమీద, కొనవచ్చిన ఎవరితోనో అంటోంది:

“అంతా నా చేత్తోనే కలిపానమ్మా. మా కోడలా? జాడీలు తుడుస్తుంది.”

ఆవిడ జన్మలో ఆవకాయ కలిపి ఎరగదు.

హైమవతి భర్త వంక చూసింది.

“పెద్దావిడైతే జనం నమ్ముతారే. నువ్వెవరికి తెలుసు?” అన్నాడతను టీ ఊదుకుంటూ.

గోడమీది అత్తగారు ఇటు తిరిగింది. “అలా చూస్తావేమే? ఇంకో నాలుగు జాడీలు కావాలట. ఆవాలు దంచు.”

హైమవతి చెంబెడు నీళ్లు తెచ్చింది. వాసెన విప్పి, జాడీలో నిదానంగా వంపేసింది.

“ఇది మాత్రం నా చేత్తో చేసిందేనని చెప్పండి, అత్తయ్యా,” అంది.