సంధ్య గారి పరీక్ష

వెంకట్ గదిలోంచి బయటికొచ్చాడు. చేతిలో రెండు తోలుబొమ్మలున్నాయి. మొహాన కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు.

"నాది పోయింది," అన్నాడు. "కుందేలు మాట్లాడుతుంటే మధ్యల ఆపిన్రు. 'నీ గొంతు ఎందుకు గట్ల పెట్టినవ్?' అని అడిగిన్రు."

వరండాలో నిలబడ్డవాళ్లంతా గుటకలు మింగారు. రేణుక రెండుసార్లు మింగింది.

గోపన్‌పల్లిలోని ఆ ఉపాధ్యాయ శిక్షణ కాలేజీలో బాలసాహిత్యం ప్రాక్టికల్ అంటే ఇదివరకు నల్లేరు మీద బండి నడక. కథ చెప్పామా, మార్కులు పడ్డాయా, ఇంటికెళ్లామా అన్నట్టుండేది. ఈ ఏడాది ఆ పప్పులు ఉడకలేదు. ఉమాశ్రీ మేడమ్ బయటి నుంచి సంధ్య గారిని పిలిపించింది. "పాతికేళ్లుగా బాలసాహిత్యం చెప్తున్నానర్రా. అయినా పిల్లల కథ బాగుందో లేదో తేల్చడంలో ఈవిడ ముందు నేనెంత?" అంది. మేడమే అంత మాట అన్నాక ఇంకెవరికి ధైర్యం ఉంటుంది?

నిబంధన చిన్నదే. కథ మధ్యలో సంధ్య గారు "మల్లేమైంది?" అని అడిగినప్పుడల్లా మేడమ్ కాగితం మీద ఒక గీత గీస్తుంది. ఐదు గీతలు పడితే పాస్. పొద్దుటి నుంచి పదకొండు మంది లోపలికి వెళ్లొచ్చారు. అందరివీ కలిపితే మూడు గీతలు.

మంచి చేసుకుందామనీ చూశారు. ప్రాక్టికల్‌కి వచ్చినవారికి ఫలహారం పెట్టడం మన కాలేజీల్లో ఎప్పటి నుంచో ఉన్న ఆచారమే కదా! ప్రశాంతి కొత్తగూడ చౌరస్తా నుంచి వేడి వేడి మిర్చి బజ్జీలు తెప్పించింది. సంధ్య గారు వాటి వంకైనా చూడలేదు. క్రీమ్ బిస్కెట్లు మాత్రం నాలుగు తిన్నారు. ఆ ధీమాతో ప్రశాంతి పళ్లు తోముకోని పిల్ల కథ ఎత్తుకుని నీతి దాకా లాక్కొచ్చింది. సంధ్య గారు, "ఇది కథ గాదు. తిడుతున్నవ్," అంటూ లేచి, కిటికీ దగ్గరికెళ్లి, అవతల అపార్ట్‌మెంట్లు కడుతున్న క్రేన్‌ని చూస్తూ ఉండిపోయారు. బిస్కెట్లు తిని కూడా లొంగని మనిషిని చూడటం ఆ కాలేజీకి అదే మొదలు.

రేణుకది బోరబండ. ఎనిమిదేళ్లు ఒక ఐటీ టవర్లో లిఫ్టులూ అద్దాలూ తుడిచింది. ముప్పై రెండో ఏట పంతులమ్మ కావాలన్న పిచ్చి పట్టింది. అంత తేలికైన ఈ ప్రాక్టికల్లో కూడా నిరుడు తానొక్కతే తప్పింది. ఈసారి గట్టెక్కితే జూన్ నుంచి కొత్తగూడలో ఒక స్కూలు ఒకటో తరగతి ఇస్తానంది. లేదంటే మళ్లీ ఆ టవరే, ఆ తుడుపు కర్రే. అందుకే నెలరోజులు కూర్చుని పాఠ్య ప్రణాళిక రాసింది. లక్ష్యాలు ఆరు, ఉపకరణాలు నాలుగు, నీతి ఒకటి.

లోపలికి వెళ్లి నమస్కారం పెట్టింది. సంధ్య గారు తిరిగి పెట్టారు. అంతవరకు బాగానే ఉంది. రేణుక చార్టు విప్పి, "అనగనగా ఒక అడవిలో ఒక సింహం..." అంది.

సంధ్య గారు ఏ దాపరికమూ లేకుండా ఆవులించారు.

"సింహం వద్దు. ఇందాక ముగ్గురు గదే చెప్పిన్రు."

రేణుక చేతిలోంచి చార్టు జారిపోయింది. నెలరోజుల కష్టం బూడిదలో పోసిన పన్నీరైంది. ఇక పోయేదేముందని నోటికొచ్చింది మొదలుపెట్టింది.

"మా ఆఫీసు గేటు కాడ ఒక కుక్క ఉండె మేడమ్. సెక్యూరిటీ పెంటయ్య రోజు తన రొట్టెల సగం దానికి పెడ్తుండె. ఒకనాడు పెంటయ్యకు డ్యూటీ పద్నాలుగో అంతస్తుల వేసిన్రు."

"మల్లేమైంది?"

గీత! రేణుక నమ్మలేకపోయింది.

"కుక్క మూడు దినాలు గేటు కాడనే ఎదురుచూసింది. నాలుగో దినం సీదా లోపలికొచ్చి లిఫ్టెక్కింది."

"ఐడీ కార్డు లేకుండనా?"

"లేకుండనే మేడమ్."

"మల్లేమైంది?"

"ఆరో అంతస్తుల తలుపు తెరుసుకుంది. పెంటయ్య లేడు. ఒక సారు ఫోన్ల చూసుకుంటనే కుక్కకు గుడ్ మార్నింగ్ చెప్పిండు."

సంధ్య గారు పకపకా నవ్వి, మళ్లీ అదే ప్రశ్న అడిగారు. మూడో గీత పడింది. పదో అంతస్తులో నాలుగోది పడింది. అంతలో సంధ్య గారి చెయ్యి పైకి లేచింది.

"ఆగు. బటన్ ఎవరు నొక్కిన్రు? కుక్కకు అందది కద."

ఉమాశ్రీ మేడమ్ పెన్ను ఆగిపోయింది. సంధ్య గారి దగ్గర అబద్ధం చెల్లదని రేణుకకు తెలుస్తూనే ఉంది. కాలేజీలో ఎవరికీ చెప్పని మాట బయటికొచ్చేసింది.

"నేనే నొక్కిన మేడమ్. లిఫ్టు తుడుస్తుంటి. దాని మొఖం చూస్తే పాణం ఊకోలే."

"నిన్ను ఎవ్వరు ఏమనలేదా?"

"అన్నరు. సూపర్‌వైజర్ మస్తు తిట్టిండు. పనిల నుంచి తీసేస్తనన్నడు."

సంధ్య గారి కళ్లు నిండాయి. "మల్లేమైంది?" అన్నారు చిన్నగా.

ఐదు.

"పద్నాలుగు రాంగనే పెంటయ్య ఎదురుంగనే ఉన్నడు. కుక్క దుంకి ఆయన మీద పడ్డది. ఇద్దరు ఏడ్చిన్రు మేడమ్. నేను గూడ ఏడ్చిన."

అలవాటు కొద్దీ 'ఇందులోని నీతి' అనబోయి, రేణుక గభాలున నోరు మూసుకుంది.

సంధ్య గారు కళ్లు తుడుచుకున్నారు. తర్వాత తీర్పు చెప్పారు.

"మల్లొకసారి చెప్పు."

రేణుకకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఉమాశ్రీ మేడమ్ మార్కుల కాగితం బల్లమీద పెట్టి పరీక్షకురాలి సంతకం అడిగింది.

నాలుగున్నరేళ్ల సంధ్య గారు కుర్చీలో మోకాళ్ల మీద లేచి, ఎర్ర క్రేయాన్ పిడికిట్లో బిగించి, తనకొచ్చిన ఒకే ఒక్క అక్షరం 'అ'ను తలకిందులుగా దిద్దారు.