జీతానికి పడే మనిషి

కళ్ళజోడు పెట్టుకుని కంప్యూటర్లో ఆడే సూపర్‌హీరో ఆటకి నెలనెలా చందా కట్టేవాళ్ళంతా ఎవర్నో ఒకర్ని కాపాడాలనుకునేవాళ్ళే. కాపాడించుకునేవాళ్ళే దొరకరు. అందుకని కంపెనీ ప్రవల్లికలాంటి వాళ్ళని జీతానికి పెట్టుకుంది. ఆటలో తనది కాని ముఖంతో మేడల మీంచి పడుతూ, రోజంతా కేకలు పెట్టడం ఆమె పని. ఇంట్లో మాత్రం కంప్యూటర్ పని అనే చెప్పింది.

సాయంత్రం సూపర్‌వైజర్ ఆటగాళ్ళ అభిప్రాయాలు చదివి వినిపించాడు. "బ్యాంకు మేడ మీంచి పడినావిడ అరుపులో భయం లేదు. కాపాడినా మొహంలో సంతోషం లేదు. ఇందుకా మేం చందా కట్టేది?"

ప్రవల్లిక ఇంటికొచ్చి కుక్కర్ మూత తీస్తుంటే చేతికి ఆవిరి కొట్టింది. అరిచే ఓపిక లేక, చెయ్యి కుళాయి కింద పెట్టి నిలబడింది.

హాల్లో భర్త రఘునాథ్ ఆట కళ్ళజోడు తీశాడు.

"పొద్దున బ్యాంకు మేడ మీంచి ఒకావిడ పడితే పట్టుకున్నా. భయపడనైనా పడలేదు. గట్టిగానే రాసి పడేశా."

"అరిచీ అరిచీ అలిసిపోయుంటుందిలెండి."

"జీతం తీసుకోవట్లా మరి? అవునూ, నీ గొంతేంటి అలా ఉంది?"

"జలుబు."

"కషాయం పెట్టుకు తాగు," అని, అతను మళ్ళీ కళ్ళజోడు పెట్టుకుని ఎవర్నో కాపాడటానికి వెళ్ళిపోయాడు.