పట్టని సున్నం

"సూడమ్మా, మన పుంగనూరు బోరు నీళ్లు!" గీజరు కాయిలుకు గట్టిగా పట్టిన తెల్లటి సున్నాన్ని ఈశ్వరప్ప స్క్రూడ్రైవరుతో రాల్చాడు. "ఏడాదికే ఇట్లయిపోయింది."

"మా ఆయన బాత్రూములోది గూడా సూడప్పా. బెంగళూరు నించి వారం వారం వస్తాండాడు. వేన్నీళ్లు లేకుంటే నీళ్లే పోసుకోడు," అంది మునీశ్వరి. వీధిలో అందరికీ చెప్పే మాటే.

ఈశ్వరప్ప అదీ విప్పాడు. కాయిలు రాగిచెంబులా తళతళలాడుతోంది.

"రెండూ ఒకే దినం బిగిస్తినే..." అంటూ ఆమె ముఖం చూసి ఆగిపోయాడు.

మునీశ్వరి మొగుడు రావడం మానేసి ఏడాది. శనివారం వచ్చిందంటే ఆమె గడప ముందు మగచెప్పులు పెట్టేది, తాడు మీద చొక్కా ఆరేసేది. ఈ గీజరు వేసి కుళాయి ఒక్కసారైనా తిప్పాలని మాత్రం తోచలేదు.

ఈశ్వరప్ప మూత బిగించి, సంచీ సర్దుకుని బయటికి నడిచాడు.

"ఏమప్పా, ఇంతసేపు?" ఎదురింటి శాంతమ్మ గేటు మీదికి వంగి అడిగింది.

మునీశ్వరి గుమ్మంలోనే తలుపు పట్టుకుని నిలబడింది.

"ఏం జెప్పేదమ్మా," అన్నాడు ఈశ్వరప్ప, వీధంతా వినబడేలా. "సారు గీజర్లోనే సున్నం జాస్తిగా ఉండాది."