మూడో మైదానం

"మొదటి మైదానం వద్దు. అక్కడికి వెళ్లాలంటే పెద్ద రోడ్డు దాటాలి. ఆ రోడ్డు నిండా ఇరాక్ ట్యాంకులే" అన్నాడు రాజగోపాల్, కారు బానెట్ మీద పరిచిన మ్యాపులో వేలు పెట్టి.

"ఇంగొకటి చెప్పండి సార్, తొందరగా" అంది గంగాదేవి. ఆ వెంటనే వెనక్కి తిరిగి, "ఏమే మొద్దూ, ఆ నీళ్ల డబ్బా కార్లో పెట్టేకి ఇంతసేపా? యల్లా, యల్లా" అని అరిచింది.

నీలం చీర కట్టుకున్న పెద్దావిడ రెండు చేతులతో డబ్బా ఎత్తబోయి, కుచ్చిళ్లు కాళ్లకు అడ్డంపడి తూలింది. పేరు పోలేరమ్మ అని, తమ ఊరి పక్క మనిషేనని, పుట్టుమూగ అని, చెవులూ వినపడవని గంగాదేవే చెప్పింది. వినపడని మనిషిని అంతలేసి తిట్లు తిట్టడం ఎందుకో రాజగోపాల్‌కి అర్థం కాలేదు. ఒళ్లు మాత్రం మండింది.

అతను విజయవాడవాడు, ఇక్కడ కువైట్‌లో చమురు కంపెనీలో ఇంజనీరు. భార్యాపిల్లలు ఇరాక్ దండెత్తకముందే సెలవులకి ఇండియా వెళ్లి బతికిపోయారు. కడప నుంచి వచ్చి మిష్రిఫ్‌లో ఒక కువైటీ విల్లాలో పనిచేసే గంగాదేవి, అప్పుడప్పుడూ వాళ్లింటికి వచ్చి అతని భార్యకి పచ్చళ్లు పెట్టడంలో సాయం చేసేది. ఆ చనువుతోనే నిన్న ఈ పెద్దావిడని వెంటబెట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"శుక్రవారమైతే ఎడార్లోకి పళ్లేలు ఇసిరేకి పోతారు గదా సార్. ఆ దావలన్నీ మీకు తెలుసు. మమ్మల్ని సౌదీ పక్కకి దాటించండి" అంది.

ఆ పళ్లేలాట పేరు డిస్క్ గోల్ఫ్. కంపెనీలో అమెరికన్లు నేర్పారు. బంతికి బదులు ప్లాస్టిక్ పళ్లెం విసిరి దూరంగా ఉన్న బుట్టలో పడేయాలి. ఎడారిలో బుట్టలెక్కడివి, ఖాళీ పీపాలే బుట్టలు. దక్షిణాన అలాంటి మైదానాలు మూడున్నాయి. ఎవరైనా ఆపితే ఆడుకోవడానికి వెళ్తున్నామని చెప్పొచ్చు. యుద్ధంలో పళ్లేలు విసరడానికి బయల్దేరినవాణ్ణి పిచ్చివాడనుకుని వదిలేస్తారేమోనని అతని ఆశ.

"రెండోదాని దగ్గర ఇసుక మెత్తన. కారు కూరుకుపోతుంది. మూడోది గట్టినేల, కాకపోతే దానికి ముందు ఒక చెక్‌పోస్టు ఉంటుంది. అది దాటితే సరిహద్దు దాకా అడ్డులేదు."

"మూడోదే పోదాం సార్."

మంగఫ్ ఊరు దాటాక కారు రోడ్డు వదిలి ఎడారిలో పడింది.

"మీ మామా ఏమయ్యారు?" అని అడిగాడు రాజగోపాల్. ఇళ్లలో పనిచేసేవాళ్లు యజమానురాలిని మామా అనే పిలుస్తారు.

"కొడుకు కువైట్ సైన్యంలో ఆఫీసరు గదా సార్. ఆయప్ప సౌదీకి తప్పించుకున్యాడు. అమ్మని పట్టుకుంటే కొడుకొస్తాడని ఆయమ్మ కోసరం ఇరాకోళ్లు ఇల్లిల్లూ గాలిస్తాండారు. ఆయమ్మకి నీడ ఇచ్చినోళ్లని గుడక కాల్చేస్తారంట."

"అయ్యో పాపం."

"ఏం పాపం? పదేండ్లు నన్ను గొడ్డు మాదిరి చూసె. రోంత ఆలస్యమైతే చెంప పగలగొడ్తాండె."

మధ్యలో ఆగి అన్నం తిన్నారు. ఆవకాయ ముద్ద నోట్లో పెట్టుకోగానే పోలేరమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. "నీకు పాయసాలొండి పెట్టేకి ఎవురూ ల్యారు, తిను" అని గసిరింది గంగాదేవి. చెమటకి ఊడిన బొట్టుబిళ్లని పెద్దావిడ నుదుటి మీద వేలితో పొడిచినట్టు మళ్లీ అంటించింది.

రాజగోపాల్‌ ఇక ఊరుకోలేకపోయాడు. "మీ మామా నిన్నెలా చూసిందో నువ్వీవిణ్ణి అలాగే చూస్తున్నావు. నీకూ ఆవిడకీ తేడా ఏవుంది?"

"ఏం ల్యా సార్. బండి తియ్యండి."

"దాటాక ఈవిడ నీతో రాదు. నేనే ఇండియా పంపిస్తాను."

గంగాదేవి నీళ్ల డబ్బాకి మూత బిగించింది.

చెక్‌పోస్టు దగ్గర ఇరాక్ సిపాయిలు అడ్డొచ్చారు. ఒకడు డిక్కీ తెరిచి రంగురంగుల పళ్లేలు చూసి తుపాకి ఎత్తాడు. రాజగోపాల్ దిగి, ఒక పళ్లెం తీసి దూరంగా ఉన్న పీపా మీదికి విసిరాడు. గాలికి అది ఎటో పోయింది. సిపాయిలు పగలబడి నవ్వి, పళ్లేల సంచీ లాక్కుని తామే విసరడం మొదలుపెట్టారు.

వాళ్లలో ఒకడు మాత్రం నవ్వలేదు. వెనక తలుపు తెరిచి ఇఖామాలు, అంటే దేశంలో ఉండటానికిచ్చే అనుమతి కార్డులు, అడిగాడు. పాస్‌పోర్టులు, ఇఖామాలు అన్నీ తమని పనికి తెచ్చుకున్న కఫీల్ దగ్గరే ఉన్నాయని, వాడు పారిపోయాడని గంగాదేవి అరబ్బీలో గడగడా చెప్పింది. ఇళ్లలో పనివాళ్ల కాగితాలు యజమాని బీరువాలోనే ఉంటాయని వాడికీ తెలుసు. తలూపి, పోలేరమ్మ వైపు వంగి ఏదో అడిగాడు.

పోలేరమ్మ పెదాలు కదిలాయి.

గంగాదేవి చెయ్యి ఆవిడ చెంప మీద ఛెళ్లుమంది. "మూగది, చెవిటిది. తన్నకపోతే కదలదు" అని అరబ్బీలో అరుస్తూ ఇంకొకటి వేసింది. అప్పుడు నవ్వాడు వాడు. పొమ్మని చెయ్యి ఊపాడు.

మూడో మైదానం దాటేదాకా రాజగోపాల్ పళ్లు కొరుకుతూనే నడిపాడు. పళ్లేలు పోయినందుకు కాదు. అన్నేళ్లు తన ఇంటి గడప తొక్కిన మనిషి ఇంత రాక్షసా అని.

సాయంత్రానికి సౌదీ జెండా కనిపించింది. సైనికులు మంచినీళ్లతో ఎదురొచ్చారు. రాజగోపాల్ వెనక తలుపు తెరిచి పోలేరమ్మని చెయ్యిపట్టి దింపాడు. ఆవిడ చెంప మీద వేళ్ల అచ్చులు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

"అమ్మా, ఇంక ఈవిడకి నువ్వు భయపడక్కర్లేదు" అన్నాడు, వినపడదని తెలిసీ.

గంగాదేవి అటువైపు నుంచి దిగి వచ్చింది. ఇసుకలో కూలబడి పెద్దావిడ పాదాల మీద తల పెట్టి భోరున ఏడ్చింది. ఇప్పటికొచ్చిందా బుద్ధి, అనుకున్నాడు రాజగోపాల్.

"ఖలాస్, మామా" అంది గంగాదేవి.