కల్నల్ కోసం పడవ

గారోన్ నది పొంగి బేకరీ పొయ్యిలోకి నీళ్ళొచ్చిన ఏడాది అది.

ఆ వరదలోనే జెలీ మంచం పట్టింది.

జెలీ ఊరి మంత్రసాని. అనాథాశ్రమంలో పెరిగిన మనిషి. ఊళ్ళో సగం మంది ఆమె చేతుల్లోనే పుట్టారు. అయినా ఎవరూ ఏనాడూ ఆమెను మదామ్ అనలేదు. జెలీ, అంతే.

ఆ శీతాకాలమే పారిస్ ఆమెకు జాతీయ మెరిట్ పతకం ప్రకటించింది. మేయర్ లాబొర్ద్ ఆ నీలి రిబ్బను పతకాన్ని తెప్పించి ఉంచాడు.

కానీ ప్రకటిస్తే చాలదు. అదే పతకం ఉన్నవాడొకడు వచ్చి, మదామ్ అని పిలిచి, రిపబ్లిక్ పేరు మీద మాట పలికి, గుండె మీద గుచ్చాలి. అప్పటిదాకా ఆ గౌరవం ఆమెది కాదు.

"ఆ మాట వినాలనుంది," అంది జెలీ. "ఒక్కసారి మదామ్ అనిపించుకుని పోతాను."

చుట్టుపక్కల ఆ పతకం ఉన్నది నది అవతలి కల్నల్ గారికే. వంతెన నీళ్ళలో మునిగి ఉంది.

ఎల్వా అనే సరుకుల పడవవాడు వరదకు ఆ ఊళ్ళో చిక్కుకుపోయాడు. జెలీ పొయ్యికి కట్టెలు మోసుకొచ్చి, గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు.

"కల్నల్ దాకా ఎందుకు మేయర్ గారూ," అన్నాడు. "నేను..."

లాబొర్ద్ అతని కోటు కాజా వైపు చూశాడు. పతకం ఉన్నవాడు కాజాలో రిబ్బను ముక్క లేకుండా రొట్టె కొనడానికి కూడా బయల్దేరడు. ఎల్వా కాజాలో బురద ఉంది.

"నీకు పడవుంది కదా. కల్నల్ గారిని తీసుకురా. సలహాలు తర్వాత."

జెలీ మంచంలోంచి ఎల్వా వైపు చూసి నవ్వింది.

"వాడి మాటకేంలే నాయనా. పుట్టేటప్పుడూ ఇంతే, చెప్పినట్టు వినకుండా ఎదురుకాళ్ళతో వచ్చాడు."

లాబొర్ద్ చెవులు ఎర్రబడ్డాయి. ఆలస్యమవుతోంది, ఇక కదలమన్నాడు.

ఎల్వా మళ్ళీ ఏదో అనబోయాడు. అతనికి మాటకంటే తెడ్డే తొందరగా ఆడుతుంది. కట్టెలు దించి వెళ్ళిపోయాడు.

నది చెట్లను వేళ్ళతో సహా మోసుకొస్తోంది. ఎలాగో అవతలి గట్టు చేరాడు. కల్నల్ గారి యూనిఫాం ఇస్త్రీ అయ్యేదాకా అక్కడే నిలబడ్డాడు.

ఇక్కడ జెలీ, పడవ వచ్చిందా అని అడిగింది. కాసేపటికి మళ్ళీ అడిగింది. తర్వాత అడగలేదు.

కల్నల్ వచ్చేసరికి ఆ ఇంట్లో, చావింట్లో చేసినట్టు, అద్దం మీద గుడ్డ కప్పేశారు.

ఆయన టోపీ తీశాడు. ప్రాణం లేని మనిషికి పెట్టడానికి నియమం ఒప్పుకోదన్నాడు. లాబొర్ద్ పతకం పెట్టె మూసి జేబులో వేసుకున్నాడు.

ఎల్వా తడిసిన బట్టలతో బయటే ఉండిపోయాడు. లోపలికి రమ్మని ఎవరికీ తోచలేదు.

మర్నాడు పొద్దున శవపేటిక ఎత్తబోతుంటే, గడ్డం గీసుకుని ఉతికిన చొక్కా తొడుక్కున్న ఎల్వా జనాన్ని తప్పించుకుంటూ ముందుకొచ్చి, ఒకప్పుడు వరదలో మునుగుతున్నవాళ్ళను ఒడ్డుకు చేర్చినందుకు పారిస్ తన గుండె మీద గుచ్చిన నీలి రిబ్బను పతకాన్ని పేటిక మీది నల్ల గుడ్డకు గుచ్చాడు.