ఏడో నంబరులో లీకు

ఆరుగురికి బాగానే పనిచేస్తోంది. ఏడో నంబరు పేషెంటే కొంప ముంచేలా ఉన్నారు.

డిజైనరు కంప్యూటర్ ముందు తల పట్టుకుని కూర్చుంది. నడుం నొప్పి తగ్గించడానికి ఒంట్లో పెట్టే అగ్గిపెట్టెంత మిషను అది. నరానికి సన్నగా కరెంటు తగిలిస్తూ, నొప్పి కబురు మెదడుకి చేరకుండా ఆపుతుంది. అందులో ఏ భాగానికి ఎంత కరెంటు ఇవ్వాలి, ఎప్పుడు నిద్రపుచ్చాలి, ఎప్పుడు లేపాలి అని చూసుకునే సర్క్యూట్ మాత్రం పూర్తిగా ఆమెది. పిసినారి అత్తగారు తాళింపుకి నూనె కొలిచినట్టు అది కరెంటు కొలిచిపోస్తుంది. దాన్ని తయారుచెయ్యడానికి ఆమెకి రెండేళ్ళు పట్టింది. ఆ రెండేళ్ళలో ఆ గుణం ఆమెకీ అంటుకుంది. ఇంట్లో ఎవరైనా గది దాటితే చాలు, వెనకే వెళ్ళి లైటు ఆర్పేస్తుంది. పోయిన వారం వాళ్ళాయన స్నానాల గదిలో ఉండగానే ఆర్పేసింది.

సోమవారం కమిటీ మీటింగు ఉందని బాసు వచ్చి చెప్పాడు. అప్పటికి ఏడో నంబరు సంగతి తేలకపోతే సర్క్యూట్ అటకెక్కినట్టే. పైగా ఆ పేషెంట్‌కి మళ్ళీ ఆపరేషన్ చేసి మిషను బయటికి తియ్యాలి. ఆ రెండో మాట విన్నాక ఆమెకి తిండి సహించలేదు.

ఛార్జింగ్ బెల్టు నడుముకి కట్టుకుని రోజుకి రెండు గంటలు కదలకుండా కూర్చోవాలి. వైరు అక్కర్లేదు, చర్మం మీద నుంచే లోపలి బ్యాటరీకి ఛార్జ్ ఎక్కుతుంది. ఏడో నంబరు బెల్టు రోజూ రెండు గంటలు ఠంచనుగా వాడుతున్నట్టు అందులోని మీటరు చెబుతోంది. ఆసుపత్రి నుంచి వచ్చే రిపోర్టులో మాత్రం బ్యాటరీ వారం వారం దిగిపోతోంది. ఎంత పోసినా నిలవడం లేదంటే కుండకి చిల్లు ఉన్నట్టే కదా.

ఆ చిల్లు కోసం మూడు వారాలు వెతికింది. అలాంటి మిషనే ఇంకొకటి ఉప్పునీళ్ళ తొట్టిలో ముంచి చూసింది. ఒంట్లో ఉన్నట్టే ఉంటుందని అలా ముంచుతారు. అది దివ్యంగా పనిచేసింది.

"ఉప్పునీళ్ళలో ఇంత బాగా పనిచేసేది ఒంట్లో ఎందుకు చెయ్యదు సార్?"

"ఉప్పునీళ్ళకి నడుం నొప్పి లేదు కదమ్మా," అన్నాడు బాసు. ఆయన సాయం ఎప్పుడూ ఆ మాత్రమే.

పేషెంట్ల పేర్లు ఆమెకి చెప్పరు, నంబర్లే. ఆసుపత్రి వాళ్ళని బతిమాలి ఏడో నంబరు ఇంటి ఫోను నంబరు సంపాదించింది. ఎత్తినాయన రిటైరైన హెడ్మాస్టరు. బెల్టు సరిగ్గా వాడుతున్నారా అని అడగ్గానే ఆయనకి రోషం పొడుచుకొచ్చింది. మిషనుతో ఇచ్చిన పుస్తకం మూడుసార్లు చదివానన్నాడు. ‘కదలరాదు’ అన్న చోటల్లా ఎర్ర ఇంకుతో గీత కొట్టాడట. పదకొండింటికి కుర్చీలో కూర్చుంటే మళ్ళీ ఒంటిగంటకే లేవడం. మధ్యలో ఈగ వాలినా తోలుకోడట.

"మరి నొప్పి ఎలా ఉందండీ?"

"ఏం చెప్పనమ్మా, మళ్ళీ మొదటికొచ్చింది. ఇంట్లో ఒక్క పనీ వేళకి కావడం లేదు. నిన్న భోంచేసేసరికి రెండున్నర."

డిజైనరుకి కళ్ళు చెమర్చాయి. ఇంత నిష్ఠగా కూర్చునే మనిషిని తన సర్క్యూట్ మోసం చేస్తోంది. శుక్రవారం పదకొండున్నరకి, ఒంట్లోని మిషను సంగతి పైనుంచే చదివే రీడరు సంచిలో వేసుకుని బయల్దేరింది.

హెడ్మాస్టరు భార్య తలుపు తీసింది. ఒక చేతిలో తడిగుడ్డ, ఇంకో చెయ్యి నడుం మీద.

"మెల్లిగా రామ్మా. ఛార్జింగులో ఉన్నారు."

హాలు మధ్యలో పడక కుర్చీ. అందులో హెడ్మాస్టరు, పొట్ట చుట్టూ బెల్టు, పాదాల కింద ముక్కాలి పీట, చేతికందే దూరంలో టీ కప్పు. ఫ్యాను ఆయన వైపే తిరిగి ఉంది. కళ్ళు మాత్రం తిప్పి పలకరించాడు. భార్య ఉతికిన బట్టల బకెట్టు ఎత్తుకుని రెండడుగులు వేసి ఆగింది. ఇంకో రెండడుగులు వేసి గోడ పట్టుకుంది. సేవలు చేసి చేసి ఈవిడ నడుం కూడా పోయినట్టుందని డిజైనరు జాలిపడి, ఆ బకెట్టు అందుకుని పెరట్లో పెట్టి వచ్చింది.

"ఒక్కసారి చూస్తాను బాబాయిగారూ," అని బెల్టు విప్పి, దువ్వెనంత రీడరు ఆయన నడుం మీద ఆనించింది. దగ్గర్లో మిషను ఉంటే అది కూత పెడుతుంది. పెట్టలేదు. ఎడమకి జరిపింది. కుడికి జరిపింది. వీపంతా ఇస్త్రీ చేసినట్టు తిప్పింది. ఆయనకి చక్కిలిగింతలు పుట్టాయి గానీ, నియమం నియమమే కాబట్టి పళ్ళ బిగువున భరించాడు. రీడరు నోరు విప్పలేదు.

డిజైనరు రీడరు కింద పెట్టేసింది. మిషను పూర్తిగా చచ్చిపోయిందన్నమాట. రెండేళ్ళ కష్టం బూడిదలో పోసిన పన్నీరు. ఈ వయసులో మనిషిని మళ్ళీ ఆపరేషన్ బల్ల ఎక్కించాలి, అదీ తన మూలంగా.

ఆఖరి ఆశతో, మిషను సరిగ్గా ఎక్కడ పెట్టారో చూద్దామని వంగింది. వీపు మీద చిన్న గాటు కూడా లేదు.

"బాబాయిగారూ, మీకు కోత ఎక్కడ పెట్టారు?"

హెడ్మాస్టరు మొదటిసారి కదిలాడు. తల వెనక్కి తిప్పి, పాఠం వినకుండా ప్రశ్నలడిగే పిల్లని చూసినట్టు చూశాడు.

"నన్నెందుకు కోస్తారమ్మా, ఆపరేషన్ అయింది మీ పిన్నిగారికి, పాపం రోజూ రెండు గంటలు కదలకుండా కూర్చునే తీరిక ఆవిడకెక్కడిది, అందుకే ఆ భారం నేను మోస్తున్నాను."